తడపకూడని గోడ

ఆ ఆదివారం ఉదయం బూడిద మాస్టారు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఆయన పథకాల్లో ఎప్పుడూ లోపం ఉండదు. అమలు చేసేటప్పుడు మధ్యలో మనుషులు వస్తారు, ఇబ్బందల్లా అదొక్కటే.

మాస్టారు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. పాఠాలు పోగా మిగిలిన కాలమంతా ల్యాబు చివర ఉన్న ఒక ఇరుకు గదిలో గడుపుతారు. కరెంటు తయారుచేసే చోట బొగ్గు కాలగా మిగిలిన బూడిద, ఉక్కు ఫ్యాక్టరీ బయట పారబోసే చిట్టెం, వీటిని మెత్తగా నూరి, అందులో ఇంకో రెండు పొడులు కలిపి, చిటికెడు సిమెంటు కూడా లేకుండా ఇటుకలు అతికే మాలు తయారుచేశారు. దానితో అరచేతిలో పట్టే దిమ్మలు పోస్తారు, ఎండబెడతారు, మిషన్లో పెట్టి విరగ్గొడతారు. విరగడానికి ఎంత మొరాయిస్తే ఆయనకి అంత ఆనందం. బూడిద మాస్టారన్న పేరు విద్యార్థులు పెట్టారు. మొదట్లో కోపం వచ్చింది కానీ, తర్వాత ఫోనులో తనే "నేనండీ, బూడిద మాస్టారిని" అనడం అలవాటు చేసుకున్నారు. ఎవరో అనేలోపు మనమే అనేసుకుంటే సగం నొప్పి తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. ఆయన భార్య లెక్కల టీచరు. ఆవిడ సిద్ధాంతం వేరు. "బూడిదలో పోసిన పన్నీరంటే అందరిళ్లలో సామెత. మా ఇంట్లో ఉద్యోగం" అనేది.

ఆ ఉద్యోగంలో ఒక భాగానికి ఇప్పుడు ముప్పు వచ్చింది. ప్రిన్సిపాలు ఆయన్ని పిలిచి, ల్యాబులో దిమ్మలు ఎన్ని విరగ్గొట్టినా లాభం లేదని, బయట ఒక నిజమైన కట్టడం చూపించాలని, దాన్ని పని తెలిసిన బిల్డరెవరైనా చూసి గట్టిదని ఒప్పుకోవాలని చెప్పారు. అలా జరగకపోతే సెలవులు అయ్యేలోపు ఆ గదిని కంప్యూటర్లకి ఇచ్చేస్తానన్నారు. మాస్టారికి తెలిసిన బిల్డరు లోకంలో ఒక్కరే. ఆయన మామగారు.

మామగారు జీవితమంతా ఇళ్లు కట్టించి ఈమధ్యే పని మానుకున్నారు. సిమెంటు, ఇసుక, నీళ్లు, ఈ మూడు తప్ప నాలుగో పేరు చెప్పినవాడు దొంగ అని ఆయన నమ్మకం. అల్లుణ్ణి దొంగ అనలేరు కాబట్టి "అల్లుడుగారూ" అనేవారు. పెళ్లయిన నాటి నుంచి ఈ నాటి దాకా ఆ "గారు" ఒక్కసారీ జారలేదు. ఆ మర్యాద చూస్తే మాస్టారికి విరగ్గొట్టే మిషన్లో తనే ఉన్నట్టుండేది. ఇప్పుడు ఆయన మోకాళ్ల వైద్యానికి కూతురింటికి వచ్చి కొన్ని నెలలు ఉండబోతున్నారు. ఉండడానికి గది కావాలి. ఇంటి పక్క వరండాకి అడ్డంగా ఒక గోడ కట్టేస్తే గది అయిపోతుంది. మోకాళ్లకి కాస్త ఎండ తగిలేలా వాకిట్లో ఒక అరుగు కూడా కట్టించమని భార్య చెప్పింది.

గోడ అనే మాట వినగానే మాస్టారి కళ్లు మెరిశాయి. గోడని తన బూడిద మాలుతో కట్టించాలి. మామగారికి చెప్పకూడదు. ఆయన ఆ గోడ పక్కనే పడుకుని, లేచి, దాన్ని చూసి చూసి, అలవాటు కొద్దీ ఏదో ఒక రోజు "గోడ బాగుంది" అంటారు. అన్న మరుక్షణం నిజం చెప్పాలి. మనసులో ముందే అభిప్రాయం ఉన్నవాడికి ఏది ఏదో చెప్పకుండా పరీక్ష పెట్టడం పరిశోధకుల పద్ధతి. ఆ పద్ధతిని సొంత మామగారి మీద ప్రయోగించడం మాత్రం పరిశోధకుల జబ్బు. ఈ కథ చెబుతున్నవాడు కూడా ఆ జాతివాడే కాబట్టి మాస్టారిని వెనకేసుకు రావడం లేదు.

మొదటి అడ్డం తాపీ మేస్త్రి దగ్గర వచ్చింది. మేస్త్రికి మాస్టారంటే గౌరవం, బూడిదంటే గిన్నెలు తోముకునేది. విషయం వినగానే చేతులు జోడించాడు. "అరుగుకైతే మీరేం కలపమంటే అది కలుపుతాను సార్. పెద్దాయన పడుకునే గదికి మాత్రం నా చేత బూడిద గోడ పెట్టించకండి" అన్నాడు. మాస్టారు వాదించలేదు. సరే, నీ ఇష్టమే కానివ్వు, గోడకి సిమెంటు, అరుగుకి బూడిద అన్నారు. ఆదివారం ఉదయం భార్య బజారుకి వెళ్లగానే సిమెంటు బస్తాలు విప్పి ఖాళీ చేశారు. వాటిలో తన బూడిద పొడి నింపారు. ఖాళీ అయిన బూడిద సంచుల్లో ఆ సిమెంటు పోసి మూతులు కట్టేశారు. రెండూ ఒకే రంగులో ఉంటాయి, చేత్తో తీసి చూసినా తేడా తెలియదు. ఆ పోలిక కోసం ఆయన చాలా కష్టపడ్డారు కూడా. భార్య తిరిగొచ్చేసరికి ఒళ్లంతా బూడిదరంగు పొడితో నిలబడి, బస్తాలు సర్దుతున్నానని చెప్పారు. అది అబద్ధం కాదు.

మర్నాడు ఆయన పరీక్షల డ్యూటీకి పోయి సాయంత్రం వచ్చేసరికి గోడ లేచింది, అరుగూ లేచింది. మాస్టారు గోడ చుట్టూ తిరిగి మురిసిపోయారు. అరుగు వైపు చూడను కూడా చూడలేదు. ఉత్త సిమెంటు అరుగులో చూడ్డానికేముంది. మేస్త్రితో ఒక్కటే గట్టిగా చెప్పారు, గోడ మీద నీటి చుక్క పడకూడదని, పెద్దాయన మోకాళ్లకి తేమ పడదని. మామూలు సిమెంటు గోడని కట్టాక రోజుల తరబడి తడపాలి, లేకపోతే గట్టిపడదు. తన మాలుకి ఆ బాధ లేదు, నీళ్లు కొట్టకుండానే వెచ్చదనానికి దానంతటదే రాయవుతుంది. ఆ మాలులో ఆయన అన్నింటికన్నా ఎక్కువ గర్వపడేది ఆ గుణానికే.

రెండు రోజులకి మామగారు దిగారు. గదిలోకి వచ్చి పెట్టె కింద పెట్టగానే గోడని అరచేత్తో తడిమి చూశారు. పాప ఒంటి మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు చూశారు. "గోడ ఎండిపోతోంది అల్లుడుగారూ. తడపడం లేదా?" అని అడిగారు.

తేమ మోకాళ్లకి మంచిది కాదని, అందుకే తడపడం లేదని మాస్టారు చెప్పారు. మామగారు ఆ మాటకి కొంచెం కరిగారు. అల్లుడికి తన మోకాళ్ల మీద ఇంత శ్రద్ధ ఉందని ఆయనకి తెలియదు. కానీ కన్న కొడుక్కి అన్నం పెట్టకుండా ఉండగలరేమో, కొత్త గోడకి నీళ్లు పెట్టకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. మర్నాడు తెల్లవారుతూనే బకెట్టు పట్టుకుని కుంటుకుంటూ వచ్చారు. మాస్టారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, నేనుండగా మీరు బరువు మోయడమేమిటని బకెట్టు లాక్కుని, నీళ్లన్నీ మొక్కలకి పోసేశారు. ఆ మర్నాడు చెంబుతో వచ్చారు. చెంబూ పోయింది. మూడోనాడు ఆయన కూతురికి చెప్పారు, స్నానం కాగానే గోడ మీద నాలుగు చెంబులు పొయ్యమ్మా అని. అసలు సంగతి తెలియని కూతురు తప్పకుండా పోస్తానంది. పక్క గదిలో ఈ సంభాషణ విన్న మాస్టారు మేడెక్కి ట్యాంకు వాల్వు కట్టేశారు.

వాల్వు కట్టేసిన సమయానికి భార్య తలంతా షాంపూ నురగతో ఉంది. ఆ తర్వాత స్నానాలగది తలుపు వెనక నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయడం లేదు. ప్లంబరు వచ్చాడు. పైపులన్నీ తట్టి చూశాడు, మేడెక్కి దిగాడు, పైపుల్లో ఏ లోపం లేదని, ఎవరో కావాలనే వాల్వు కట్టేశారని అందరి ముందూ చెప్పాడు. అందరి కళ్లూ మాస్టారి మీదికి తిరిగాయి. ఆయనకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే పరీక్ష పాడవుతుంది. అందుకని గొంతు సవరించుకుని, ఈ ఇంట్లో నీళ్ల వాడకం మరీ ఎక్కువైపోయిందని, ఇకమీదట అందరూ చూసి వాడాలని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. పాఠాలు చెప్పే గొంతు కదా, వాకిట్లో అరుగు మీద కూర్చున్న మామగారికి కూడా స్పష్టంగా వినిపించింది.

ఆ రోజు నుంచి మామగారు బకెట్టు ముట్టుకోలేదు. గోడని తడుపుతానని అడగలేదు. మాస్టారు గెలిచాననుకున్నారు. అదే ఊపులో, శనివారం ఉదయం వచ్చి గోడ చూడమని, బిల్డరు కూడా అక్కడే ఉంటారని ప్రిన్సిపాలుని పిలిచేశారు. మేస్త్రిని కూడా రమ్మన్నారు, పొగడ్తలో వాటా ఇవ్వడానికి. మామగారు పొద్దస్తమానం ఎండలో ఆ అరుగు మీదే కూర్చుంటున్నారని, దారిన పోయేవాళ్లని పిలిచి మరీ దాన్ని మెచ్చుకుంటున్నారని, గోడ గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడడం లేదని ఆయన గమనించలేదు. గమనించవలసిన ఇంకో సంగతి భార్య గమనించింది. శుక్రవారం సాయంత్రం ఆయన్ని వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది.

"నాన్న టీ మానేశాడు. ఎందుకు మానేశావంటే చెప్పలేదు. గట్టిగా అడిగితే, నీళ్లకి ఇబ్బందిగా ఉంది కదమ్మా అన్నాడు. గ్లాసుడు నీళ్లతో గడ్డం గీసుకుంటున్నాడు. రోజు విడిచి రోజు స్నానం చేస్తున్నాడు."

మాస్టారు స్టవ్వు మీద ఖాళీగా ఉన్న టీ గిన్నె వైపు చూశారు.

"ఎంతమంది ఇళ్లకి నీళ్ల ట్యాంకులు కట్టించాడో మా నాన్న. మనింట్లో టీ తాగడానికి మొహమాటపడుతున్నాడు" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మీరు పిసినారి కాదని నాకు తెలుసు. మరి మీకేమైందో అది చెప్పండి."

చెప్పేస్తే సరిపోయేది. ఆయన నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ తెల్లారితే ప్రిన్సిపాలు వస్తారు, ఒక్క పూట ఓపిక పడితే గదీ దక్కుతుంది, నిజమూ బయటపడుతుంది, అందరూ నవ్వుకుంటారు అనుకున్నారు. అందుకని, రేపు చెబుతానన్నారు. భర్త రేపు చెబుతానన్న మాట ఏ భార్యనైనా ఎంత శాంతపరుస్తుందో ఆవిణ్ణీ అంతే శాంతపరిచింది. ఆ రాత్రి ఆయనకి సరిగ్గా నిద్ర పట్టలేదు. అంత పెద్దాయన్ని అంత చిన్నబుచ్చానే అని మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

శనివారం ఉదయం ప్రిన్సిపాలు గేటు తీసుకుని లోపలికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మాస్టారు ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లబోయేసరికి మామగారు ఇస్త్రీ బట్టల్లో, చేతిలో పెట్టెతో గదిలోంచి బయటికి వస్తున్నారు. వెనకాల కూతురు బతిమాలుతోంది.

"మీకు చాలా ఇబ్బంది కలిగించాను అల్లుడుగారూ. వెళ్లొస్తాను" అన్నారు మామగారు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

మాస్టారు పెట్టె అందుకోబోయారు. మామగారు ఇవ్వలేదు. ఆ పెనుగులాటలో పెట్టె మూల వెళ్లి గోడకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ రెండు ఇటుకల మధ్య నుంచి మాలు ధారగా, జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలింది. ఒక ఇటుక కదిలి ముందుకొచ్చింది. మాస్టారు పక్క ఇటుక సందులో వేలు పెట్టి గీశారు. అదీ రాలింది. ఇంకో చోట గీశారు. అక్కడా అంతే. పెళ్లికి ముందు నుంచి పడ్డ కష్టమంతా ఆయన కాలి వేళ్ల మీద చిన్న కుప్పగా పడింది.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. గోడని ఆనుకుంటే పడిపోతుందని భయమేసి స్తంభాన్ని ఆనుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశారు. బస్తాలు మార్చిన సంగతి, బకెట్లు లాక్కున్న సంగతి, వాల్వు సంగతి. "ఆ గోడలో సిమెంటు లేదు మామయ్యగారూ. ఉన్నదంతా నా బూడిదే. మీ నోటితో బాగుందనిపించుకోవాలని ఇదంతా చేశాను. దిమ్మలు విరగ్గొట్టేవాడికి గోడలెందుకని మీరు ముందే అనుకుని ఉంటారు. అనుకున్నది నిజమే."

మామగారు మెల్లిగా పెట్టె కింద పెట్టారు.

"అంటే నీళ్లు వద్దన్నది గోడకా? నాకు కాదా?"

"మీకు వద్దంటానా మామయ్యగారూ?"

"ఇంత చిన్న సంగతి నాతో చెప్పలేకపోయావా నువ్వు?" అన్నారు మామగారు. గారు పోయింది, మీరు పోయింది. మాస్టారికి ఆ "నువ్వు" వినగానే ఏడుపొచ్చినంత పనైంది. గోడ పోతే పోయిందనుకున్నారు.

అయితే మామగారు అల్లుణ్ణి క్షమించారు కానీ బూడిదని క్షమించలేదు. రాలిన పొడి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి, ఊది, తల అడ్డంగా ఊపారు. తర్వాత ప్రిన్సిపాలుని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిపించుకెళ్లారు. చేతికర్రతో అరుగు అంచుని ఒకసారి గట్టిగా కొట్టారు. ఖంగుమంది. తాళంచెవి తీసి ఇటుకల సందులో బలంగా గీశారు. తాళంచెవి అరిగింది కానీ మాలు రాలలేదు.

"చూశారా. సిమెంటంటే ఇదీ" అన్నారు. "నా చేతి మీద ఎన్ని ఇళ్లు లేచాయో. ఇంత గట్టి మాలు చాలా కొద్ది చోట్ల చూశాను. దీనికి నేను పూచీ."

ప్రిన్సిపాలు మాస్టారి వంక జాలిగా చూశారు. మంచి మనిషి కాబట్టి గది మాట ఎత్తలేదు. మాస్టారే ఎత్తారు. సోమవారం గది తాళం ఇచ్చేస్తానని, కంప్యూటర్లకి కూడా తడి తగలకుండా చూడాలి కాబట్టి కావాలంటే కాపలాకి తనని పెట్టుకోమని అన్నారు. తన మీద తను జోకు వేసుకోవడం ఆయనకి అలవాటే కానీ, ఈసారి దానితో సగం నొప్పి కూడా తగ్గలేదు.

మేస్త్రి వచ్చింది అప్పుడే. ఉతికిన చొక్కా వేసుకుని నవ్వుకుంటూ వచ్చినవాడు, అరుగు చుట్టూ ఉన్న మొహాలు చూసి, లోపల కదిలిన ఇటుక చూసి ఆగిపోయాడు. జరిగింది విన్నాడు. విన్నకొద్దీ వాడి మొహం పాలిపోయింది.

"తప్పు నాది సార్" అన్నాడు. "మీరు సిమెంటు బస్తాలు గోడకి వెయ్యమన్నారు. నేను వెయ్యలేదు."

"మరేం వేశావు?"

"మీ బూడిద సంచులే వేశాను. ఆ రోజు అమ్మగారు టీ ఇస్తూ చాలా బాధపడ్డారు సార్. ఆయన ఇన్నేళ్ల కష్టం సొంతింట్లో కూడా అరుగుకే పనికొచ్చిందే అన్నారు. నా మనసు ఊరుకోలేదు. నావల్లే కదా అనిపించింది. పోనీలే, గోడకే సారుగారి బూడిద వేద్దాం, అరుగుకి సిమెంటు వేద్దాం అని మార్చేశాను. మీకు చెబితే మొహమాటానికి వద్దంటారని చెప్పలేదు. సంచి విప్పి చూస్తే అచ్చం సిమెంటులాగే ఉంది. ఎంత గొప్పగా తయారుచేశారో అనుకున్నాను."

మాస్టారు భార్య వైపు చూశారు. పన్నీరని, బూడిదని రోజూ వెక్కిరించే మనిషి ఆయన లేనప్పుడు మేస్త్రి దగ్గర ఆయన కోసం బాధపడింది. ఆవిడ చటుక్కున మొహం తిప్పుకుని, గేటు దగ్గర మొక్కల్ని చాలా శ్రద్ధగా చూడ్డం మొదలుపెట్టింది.

అప్పుడు ఆయన బుర్రలో లెక్క తిరగడం మొదలైంది. బూడిద సంచుల్లో తను పోసింది సిమెంటు. అది గోడకెక్కింది. సిమెంటు బస్తాల్లో తను నింపింది బూడిద. అది అరుగుకెక్కింది. ఆయన గబగబా వెళ్లి అరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని, తాళంచెవి గీసిన చోట కళ్లు పెట్టి చూశారు. సన్నటి నల్ల చిట్టెం నలకలు ఎండకి తళుక్కుమంటున్నాయి. ఏ నీడలో ఉన్నా తన బిడ్డని గుర్తుపడతానని గొప్పలు చెప్పుకున్న మనిషి, పట్టపగలు ఎండలో, రోజూ దాని పక్క నుంచి నడిచి కాలేజీకి వెళ్లారు. తనకి కావలసిన వెచ్చదనమంతా అది వాకిట్లో తనే వెతుక్కుని రాయైపోయింది.

ఇక లోపలున్నది ఉత్త సిమెంటు గోడ. నాలుగు చెంబుల నీళ్లు పోస్తే చాలు, నూరేళ్లు నిలబడి ఉండేది. ఆ నాలుగు చెంబులూ దాని మీద పడకుండా, ఇంటిల్లిపాదినీ ఏడిపించి, మామగారి చేత టీ మాన్పించి, ఒక డాక్టరేటు ఉన్న మనిషి దగ్గరుండి కాపలా కాశాడు.

ఈ సంగతి ఆయనే అందరికీ వివరించి చెప్పారు. ముందు ప్రిన్సిపాలు నవ్వారు. తర్వాత మేస్త్రి, నవ్వొచ్చో కూడదో తెలియక, అటు తిరిగి నవ్వాడు. మామగారు మాత్రం నవ్వలేదు. అరుగుని కర్రతో మరోసారి కొట్టి విన్నారు. ఇంకోసారి కొట్టి విన్నారు. ఆయన లెక్కలో దొంగైన నాలుగో సరుకు ఖంగుఖంగుమంటోంది.

"బిల్డరుగారు పూచీ ఇచ్చేశారు, నేను విన్నాను" అన్నారు ప్రిన్సిపాలు. "ఇప్పుడు వెనక్కి తీసుకుంటారా?"

మామగారు గడ్డం నిమురుకున్నారు. నోటి మాట మీద ఇళ్లు కట్టించిన మనిషి ఆయన. "మాట మాటే" అన్నారు చివరికి. "ఆ గది కంప్యూటర్లకి ఇవ్వకండి."

భార్య లోపలికి వెళ్లి అందరికీ టీ పెట్టింది. మామగారు రెండు గ్లాసులు తాగి, మూడోది అడిగి మరీ తాగారు. పెట్టె మళ్లీ గదిలోకి వెళ్లింది. గోడని మాత్రం సాయంత్రానికల్లా పీకేశారు. పీకడానికి పలుగు అవసరం పడలేదు, మేస్త్రి చేతులతోనే తీసేశాడు. కొత్త గోడ మాస్టారి మాలుతోనే కట్టాలని, బస్తాలు మాత్రం తనే విప్పి చూస్తానని, అయిపోయేదాకా అల్లుడు ఆ ఛాయలకి రాకూడదని మామగారు షరతు పెట్టారు.

ఇప్పుడు అరుగు చూడ్డానికి ఎవరెవరో వస్తున్నారు. మీ అల్లుడుగారు ఏం చేస్తుంటారని అడిగితే, మామగారు గర్వంగా కర్రతో అరుగుని కొట్టి వినిపించి, "మావాడు మామూలువాడు కాదండీ. బూడిదిస్తే రాయి చేస్తాడు, సిమెంటిస్తే బూడిద చేస్తాడు" అంటున్నారు.